చాటెడు తవుడుకు కొన్న బిడ్డ

మిట్టపల్లె,
బేస్తవారిపేట దగ్గర.
ఈశ్వర సంవత్సరం, శ్రావణం.

లిద్దీ, మా బుడ్డోడి అమ్మా,

నేను కాపురానికి వచ్చిన కొత్తలో శనగచేలో నిన్ను పిలిచిన పిలుపు ఇది. తర్వాత పెద్దరికాలు వచ్చి మానుకున్నా. కాగితం మీద పిలిస్తే వినేవాళ్ళు ఉండరని ఇప్పుడు పిలుస్తున్నా.

నా రాత చూసి నవ్వుకోవద్దు. వాడు సెలవుకు వచ్చినప్పుడల్లా పలక మీద నా చేత అక్షరాలు దిద్దించినాడు. ఒత్తు ఎక్కడ పడుతుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. రాసిన జాబులన్నీ వాడికే రాసినాను. చెయ్యి అలవాటు పడింది, రాసేందుకు వాడు లేడు. అందుకే నీకు రాస్తున్నా.

ఆ రోజు దొనకొండలో నీతో ఒక్క మాట మాట్లాడలేదు. మా మరిది కాటమరాజు పక్కనే ఉన్నాడు. రైలు పనివాళ్ళు చుట్టూ ఉన్నారు. నేను వచ్చేసరికి అంతా అయిపోయి ఉంది. వాడిని కాల్చిన చోటు చూపించి నువ్వు అంత దూరాన నిలబడినావు. దగ్గరికి రమ్మని నేనూ అనలేదు. తిరుగు రైల్లో కూర్చున్నాక గుర్తొచ్చింది, నీ కళ్ళు కూడా వాచి ఉన్నాయని.

ఒకటి మనసులోంచి పోవడం లేదు. వాడికి దిగువమెట్ట అడవిలో పని చేస్తుండగా కదా జ్వరం తగిలింది. అక్కడ రైలు ఎక్కించి, గిద్దలూరు, కంభం మీదుగానే కదా దొనకొండకు తీసుకుపోయినారు. ఆ పొద్దున నేను చేలో కలుపు తీస్తున్నాను. రైలు కూత మా మిట్ట మీదికి వినిపిస్తుంది. ఆ రోజు విన్నానో లేదో గుర్తు లేదు. రోజూ వినేదే కదా, ఎవరు పట్టించుకుంటారు.

వాడు ఏం మాట్లాడినాడు? నీళ్ళు అడిగినాడా? నొప్పి అన్నాడా? నన్ను అడిగినాడా? అడగకుంటే అడిగినాడని రాయొద్దు. ఉన్నది ఉన్నట్టు రాయి.

వాడి పెట్టె, జీతంలో పట్టుకున్న సొమ్ము రైలు కంపెనీ దగ్గర ఉన్నాయంట. మార్కాపురం మునసబు కోర్టులో నేను వారసురాలినని సర్టిఫికెట్టు తెస్తే గాని ఇవ్వరంట. "పెళ్ళాం లేదు, బిడ్డల్లేరు, మా అన్నా లేడు. తల్లివి నువ్వుండంగ ఇంకెవురొస్తారు వదినా, ఒక వాయిదాలో అయిపోయే పని" అని కాటమరాజు అంటున్నాడు. సొమ్ము సంగతి నాకు ఎరిక లేదు. ఆ పెట్టెలో వాడి చొక్కాలు ఉన్నాయి. ఉతకనివి ఒకటి రెండు ఉంటే బాగుండు అనుకుంటున్నా.

నీ చెంచమ్మ


దొనకొండ,
1937 ఆగస్టు.

చెంచమ్మక్కకు లీదియా వందనాలు.

నలుగురిలో నిన్ను అమ్మా అంటాను. కాగితం మీద అక్కా అని రాసుకుంటే ఎవరికీ నష్టం లేదని రాస్తున్నాను.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. నేను ఆయాగా పని చేసే మిషన్ ఆసుపత్రికి స్టేషన్లో పని చేసే మస్తానయ్య పరుగెత్తుకొచ్చినాడు. "లీదియమ్మా, పుల్లయ్యను దించినారు, మా రైలు ఆసుపత్రిలో ఉన్నాడు, నిన్ను పిలవమన్నాడు" అన్నాడు. చేతిలో పనిని అక్కడే వదిలేసి పోయినాను. వాడు నన్ను గుర్తుపట్టినాడు. ఒళ్ళు పొయ్యిలా ఉంది, పళ్ళు మాత్రం చలికి కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నాయి. అడవి జ్వరం అట్లనే ఉంటుంది, ఆసుపత్రిలో చాలా చూసినాను. నీళ్ళు అడిగినాడు, ఇచ్చినాను. గంజి పట్టినాను, నాలుగు గుటకలు మింగి చాలన్నాడు.

తర్వాత కళ్ళు మూసుకునే "కంభం దాటినామా?" అని అడిగినాడు. దాటి వచ్చినావు నాయనా, ఇది దొనకొండ అన్నాను. "అమ్మ చేలో ఉంటాది ఇప్పుడు" అన్నాడు. ఏ అమ్మ అని నేను అడగలేదు. చేలో ఉండేది నువ్వే కదా.

ఆ తర్వాత తెలివిగా ఏమీ మాట్లాడలేదు. నొప్పి అనలేదు. ఎండ ముదరక ముందే పోయినాడు. చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎప్పుడు పోయినాడో తెలియనంత మెల్లగా పోయినాడు.

మిమ్మల్ని రమ్మని మనిషిని పంపినాము. ఎండలకు ఆగదు, తీయాల్సిందే అని డాక్టరు అన్నాడు. నిప్పు పెట్టింది మీ కులంవాడే, రైలు పనిలో ఉన్న అబ్బాయి. నేను బతిమాలి పిలిపించినాను. నేను దూరంగానే ఉన్నాను. ఆ అనుమానం పెట్టుకోవద్దు.

ఆసుపత్రిలో గుమస్తా నా చేత ఒక సంతకం పెట్టించుకున్నాడు. వాడి ఒంటి మీది గుడ్డల కోసం అనుకుంటాను.

లీదియా


మార్కాపురం నుంచి వచ్చి మిట్టపల్లెలో రాసింది.
భాద్రపదం.

లీదియాకు,

నీ జాబు చదివించుకోలేదు, నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. కంభం దాటినామా అన్నమాట దగ్గర ఆగిపోయి, మిగతాది మర్నాడు చదివినాను.

మార్కాపురం పోయినాం. వకీలు కంపెనీ నుంచి కాగితాల నకలు తెప్పించి పెట్టుకున్నాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "పుల్లయ్య తల్లి పేరు లీదియా అని ఉందే. నువ్వెవరు?" అన్నాడు.

కాటమరాజు ముఖం మాడిపోయింది. నేను మొత్తం చెప్పాల్సి వచ్చింది. నా కడుపున ముందు పుట్టినవాళ్ళు ఒక్కరూ దక్కలేదనీ, వీడు పుట్టంగానే మంత్రసాని వీడిని తిని పారేసిన పుల్లాకుల మీద పడుకోబెట్టిందనీ, మంత్రసాని కూతురు లీదియా చాటెడు తవుడు తెచ్చి నా ముందర పోసి వాడిని కొనుక్కుందనీ చెప్పినాను. "నీకు బిడ్డ లేడు, వీడు నా కొడుకు" అని నువ్వు గట్టిగా అన్నావు కదా, వినాల్సినవాళ్ళు వినాలని. అందుకే పుల్లయ్య అని పేరు పెట్టినాం. ఆనాటి నుంచి వాడిని నా కొడుకని నోటితో అనలేదని చెప్పినాను. అంటే, బిడ్డల్ని తీసుకుపోయే ఆ చావుతల్లి వింటుందని భయం. పాలు మాత్రం నేనే ఇచ్చినాను, నా ఇంట్లోనే పెరిగినాడు అని కూడా చెప్పినాను.

వకీలు నవ్వి, "మా పెదనాయన పేరు తవుటయ్య. నాకు తెలియని సంగతి కాదులేమ్మా. కంపెనీకి తెలియదు, అదీ చిక్కు. అమ్మింది ఉత్తుత్తికే, వాడు నీ కొడుకే అని నువ్వు కోర్టులో గట్టిగా చెప్పాలి" అన్నాడు.

అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఇంకో కాగితం తీసినాడు. అది ఆసుపత్రిది. పోయినవాడి తల్లి అని రాసి, దాని కింద సంతకం ఉంది. అది నీదే. నీ రాత నాకు తెలియదా. గుడ్డల కోసం అని రాసినావు నాకు.

ఇంకొకటి అడుగుతా. "వాడు ఆ ఊరవతలి పాలెమామె ఇంట్లోనే తింటా ఉన్న్యాడంట వదినా, స్టేషన్లో అందరికీ తెలుసంట" అని కాటమరాజు దారంతా అన్నాడు. నిజమేనా? వాడు కంపెనీలో నీ పేరు ఎందుకు చెప్పినాడు? నేను ఏం తక్కువ చేసినానని?

చెంచమ్మ


దొనకొండ,
సెప్టెంబరు.

అక్కా,

నీ జాబు చేరింది. లీదియాకు అని మొదలుపెట్టినావు. సరే.

వాడు నా పేరు ఎందుకు చెప్పినాడని అడిగినావు. నువ్వే నేర్పినావు అక్కా. మాటలు వచ్చిన నాటి నుంచి, మీ అమ్మ ఎవరురా అని దారిన పోయేవాళ్ళు అడిగినా లీదియా అనాలని నేర్పినావు. ఒకసారి వాడు మరిచిపోయి నీ కొంగు పట్టుకుని "ఈమే" అన్నాడు. నోటి మీద కొట్టినావు. కొట్టి, గాదె వెనక్కి పోయి ఏడ్చినావు. నేను కళ్ళం ఊడుస్తూ చూసినాను.

కంపెనీలో చేరిన రోజు వాడు నవ్వుతూ వచ్చినాడు. "తల్లి పేరేంది అని గబుక్కున అడిగినాడమ్మా, గబుక్కున నీ పేరొచ్చేసింది. దిద్దమంటే మళ్ళ రేపు రా అంటాడేమోనని ఊరుకున్న్యా" అన్నాడు. పొమ్మన్నాను, రేపు పోయి దిద్దించుకో అన్నాను. వాడికి రేపు ఎప్పుడూ తీరిక లేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

తిన్నాడు. దొనకొండలో పని చేసినన్నాళ్ళూ నా ఇంట్లోనే తిన్నాడు. దిగువమెట్టకు మార్చినాక కూడా, ఇటు వచ్చిన ప్రతిసారీ తిన్నాడు. మొదట వాకిట్లో కూర్చునేవాడు. వాన పడినప్పుడు లోపలికి వచ్చినాడు, ఆ తర్వాత వాకిట్లో కూర్చోలేదు. "అక్కడమ్మకు చెప్పొద్దు, పంచాయితీ పెడతారు, తలొంచుకోవాల్సి వస్తది" అన్నాడు. నువ్వు అక్కడమ్మవు, నేను ఇక్కడమ్మను. నీ వంట సంగతి ఎప్పుడూ చెప్పేవాడు. నా పులగూర తింటూ, అక్కడమ్మ ఇంత ఉప్పు వెయ్యదు అనేవాడు. తక్కువ చేసినావని నేను అనలేదు, వాడూ అనలేదు.

సంతకం సంగతి. గుమస్తా ఏం రాసినాడో నేను చదవలేదు. ఆ గడియలో ఎవరు చదువుతారు.

కోర్టుకు పిలిస్తే వస్తాను.

లీదియా


మిట్టపల్లె,
ఆశ్వయుజం.

లీదియమ్మకు,

నీ జాబుకు జవాబు రాయలేదు. రెండుసార్లు మొదలుపెట్టి చించినాను. నోటి మీద కొట్టింది నీకు గుర్తుందని తెలిసి సిగ్గుపడినాను. ఇప్పుడు దానికంటే పెద్ద తప్పు చేసి వచ్చినాను. ఇది నీకు చెప్పకుంటే ఎవరికి చెప్పేది.

వాయిదాకు బండి కట్టుకుని తెల్లారేసరికి మార్కాపురం చేరినాం. కోర్టు వరండాలో కూర్చున్నంతసేపు కాటమరాజు నా చేత వల్లె వేయించినాడు. "పుల్లయ్య ఎవురు? నా కొడుకు. అంతే వదినా, ఇంకో మాట వద్దు." నేను తల ఊపుతా ఉన్నాను. నోటితో అనలేదు. అక్కడే తెలుసుకోవాల్సింది.

లోపల పిలిచినారు. మునసబు గారు కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. వకీలు లేచి, ఊరు పేరు, మొగుడి పేరు అడిగినాడు. అన్నీ చెప్పినాను. చెప్తున్నకొద్దీ ధైర్యం వచ్చింది. "చనిపోయిన పుల్లయ్య నీకేమవుతాడు?" అన్నాడు.

"లీదియా కొడుకయ్యా" అన్నాను.

వకీలు చేతిలో కాగితాలు అట్లనే ఉండిపోయినాయి. "సరిగ్గా వినమ్మా. పుల్లయ్య, పుల్లయ్య నీకేం కావాలి?" అన్నాడు. నాకు వినిపించింది లిద్దీ, అర్థం కూడా అయింది. కాని ఆ మాట అడిగితే నా నోరు ఎట్ల తిరుగుతుందో నీకు తెలుసు. "మా ఊరి లీదియా కొడుకు. నాకేమీ కాడు" అన్నాను. ఎప్పటిలాగే దిష్టికి పక్కకు తిరిగి ఉమ్మబోయి, కోర్టని గుర్తొచ్చి మింగినాను.

"మరి నువ్వెందుకు వచ్చావమ్మా?" అని మునసబు గారు అడిగినాడు.

"వాడి పెట్టె కోసం" అన్నాను.

జనం నవ్వినారు. ఆయన అంతా ఇంగ్లీషులో రాసుకున్నాడు. రాసుకుని, కంపెనీ కాగితం కూడా అట్లనే ఉంది కాబట్టి ఆ లీదియాకు నోటీసు ఇచ్చి పిలిపించండి, ఆమె కోరుకుంటే ఆమె కూడా అర్జీ పెట్టుకోవచ్చు అన్నాడు.

దారిలో కాటమరాజు చాలాసేపు ఎద్దులతోనే మాట్లాడినాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ మాట ఊళ్ళో దినామూ చెప్తానే ఉంటివి గదా వదినా. దీనికి బండి కట్టి మార్కాపురం దాక రావాల్నా? వచ్చే వాయిదాకు నేను నీ మరిదిని కానని చెప్పు, ఆ ఖర్చన్నా తప్పుతుంది నాకు" అన్నాడు. నేను నవ్వినాను. నవ్వొచ్చింది. వాడు పోయినాక మొదటిసారి. నవ్వు ఆగక ఏడుపైంది. కాటమరాజు బండి ఆపి దిగి, ఎద్దులకు నీళ్ళు పెట్టే నెపం మీద చానాసేపు దూరంగా నిలబడినాడు.

ఊళ్ళో అందరూ అంటున్నారు, పిల్లోడే పోయినాడు, ఇంక ఎవరు వింటారని భయం అని. నాకూ తెలుసు. నా నోటికి తెలియదు. ఇన్నేళ్ళూ వాడిని బతికించింది ఆ ఒక్క అబద్ధమే అనుకున్నాను. వాడు పోయినా అది నన్ను వదలడం లేదు.

నీకు నోటీసు వస్తుంది. వాడు నీ పేరే చెప్పినాడు, నేనూ నీ పేరే చెప్పినాను. వాడు నీవాడని నువ్వంటే ఆ పెట్టె, సొమ్ము నీవే అవుతాయని వకీలు అంటున్నాడు. నువ్వట్ల అంటే నేను నీ మీద వ్యాజ్యం ఆడను. కాని కోర్టు బంట్రోతు చెప్పగా వినడం వద్దు. నువ్వే రాయి.

చెంచమ్మ


(కార్డు)
మిట్టపల్లె. కార్తీకం.

లిద్దీ, జాబు చేరిందా? నోటీసు ఇచ్చినామని బంట్రోతు చెప్పినాడంట. నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. ఒంట్లో బాగుందా? కోపమైతే కోపమని రాయి.


దొనకొండ,
నవంబరు.

అక్కా,

జాబూ చేరింది, కార్డూ చేరింది, నోటీసూ చేరింది. మూడూ బైబిల్లో పెట్టుకుని కూర్చున్నాను. పనికి పోతున్నాను, వస్తున్నాను. రాయడానికి చెయ్యి రాలేదు.

నా తమ్ముడు దావీదు నోటీసు చదివినాడు. "నీ పేరు కంపెనీ రాసింది, వాడు రాయించినాడు, కన్నామె కూడా కోర్టులో కాదనింది. ఇంకేం కావాలక్కా? దేవుడిచ్చినాడు అనుకో" అన్నాడు. తమ్ముడు చెడ్డవాడు కాదు. నేను ముసలిదాన్ని అయితే ఎవరు చూస్తారని వాడి దిగులు. వాడికి బిడ్డలున్నారు.

నీకు ఒక అబద్ధం రాసినాను. ఆసుపత్రి కాగితం చదవలేదని రాసినాను. నేను మిషన్ బడిలో చదువుకున్నదాన్ని, చదవకుండా ఎందుకు పెడతాను? గుమస్తా అడిగినాడు, "నువ్వేనా తల్లివి?" అని. వాడు ఇంకా మంచం మీదనే ఉన్నాడు, దుప్పటి కప్పినారు. నేను అవును అన్నాను. ఆయన రాసినాడు, నేను చదువుకున్నాను, రెండోసారి కూడా చదువుకున్నాను. అప్పుడు సంతకం పెట్టినాను.

అక్కా, వాడు పుట్టిన రోజు ఆ మాట గట్టిగా అరిచినాను. అప్పుడు అది మందు లాంటి మాట, బిడ్డ బతకాలని మా అమ్మ అరవమంటే అరిచినాను. తర్వాత ఎవరూ నన్ను నిజంగా అడగలేదు. నాకు కడుపు పండలేదు. మా ఇంటాయన పోయినాడు, ఆ తర్వాతే ఈ పనికి దొనకొండ వచ్చినాను. ఊళ్ళో అందరూ లీదియా కొడుకు, లీదియా కొడుకు అనేవాళ్ళు, అన్నవాళ్ళు అందరూ అది ఉత్తదని తెలిసే అనేవాళ్ళు. తెలియకుండా అడిగినవాడు ఆ గుమస్తా ఒక్కడే. ఆయనకు నేను అవునని చెప్పినాను. చెప్పినాక వదలబుద్ధి కాలేదు.

నీకు ఆ మాట నోట్లోంచి రాలేదు. నాకు అది నోట్లోంచి పోవడం లేదు.

వాయిదా రోజు పొద్దున రైలుకు వస్తాను. ఏం చెబుతానో నాకే తెలియదు. బైబిలు మీద చెయ్యి పెట్టమంటారు. పెట్టినాక ఏ మాట వస్తే అదే. నన్ను నమ్ముకుని రావొద్దు అని మాత్రం ముందే రాస్తున్నాను.

ముద్ద దిగడం లేదు. రెండు మూడు మెతుకులకే చాలనిపిస్తుంది. ఇద్దరికి వండే గిన్నెలోనే ఇంకా వండుతున్నాను, చిన్న గిన్నె తీయబుద్ధి కాదు.

లీదియా


మిట్టపల్లె,
మార్గశిరం.

లిద్దీ, బుడ్డోడి అమ్మా,

కోర్టులో నువ్వు చెప్పి, నా వైపు చూడకుండా దిగిపోయినావు. రైలుకు వేళైందని పోయినావో, నా ముఖం చూడలేక పోయినావో. నేను బయటికి వచ్చేసరికి వరండాలో లేవు. స్టేషన్ దాకా కాటమరాజును పంపినాను. రైలు పోయిందన్నాడు. అందుకని నువ్వు పోయినాక జరిగింది రాస్తున్నా. నువ్వు చెప్పింది కూడా రాస్తున్నా, నేను సరిగ్గా విన్నానో లేదో నువ్వు చూసుకో.

"పుల్లయ్యను నువ్వు కొన్నావా?" అని వకీలు అడిగినాడు. కొన్నాను అన్నావు. "ఇంగ అయిపోయింది, లెయ్ వదినా" అని కాటమరాజు నా చెవిలో అన్నాడు. ఏమిచ్చి కొన్నావంటే, చాటెడు తవుడిచ్చి అన్నావు. జనం నవ్వినారు. మునసబు గారు నవ్వలేదు. "అయితే వాడు నీ కొడుకేనా?" అని ఆయనే అడిగినాడు.

నీ చెయ్యి ఆ బైబిలు మీదనే ఉంది. నేను నీ చెయ్యినే చూస్తా ఉన్నాను. అవును అను, అనేయి, నాకు వద్దు అని లోపల నేనే అనుకున్నాను, నిజం చెప్తున్నా. ఆ గడియకు నువ్వు నాకంటే ఒంటరిదానివిగా కనబడినావు.

"చావు వచ్చి అడిగితే నా కొడుకే అయ్యా. దానికే కొన్నాను. మీరు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, కన్నది ఆమె, పాలిచ్చింది ఆమె. ఆసుపత్రిలో నేను తల్లినన్నది నిజం కాదు" అన్నావు. ఇంతే కదా? ఇంకేమన్నా అన్నావా? అన్నా నాకు వినిపించలేదు.

తర్వాత నన్ను మళ్ళీ పిలిచినారు. ఈసారి నేను ఊరికే రాలేదు లిద్దీ. నీ జాబు వచ్చినాక, చేలో ఎవరూ లేనప్పుడు ఆ మాట చెప్పుకుని చూసినాను. మొదట గాలే వచ్చింది, మాట రాలేదు. తర్వాత సగం వచ్చింది. ఒకరోజు గట్టిగానే వచ్చింది. బర్రె తలెత్తి చూసింది, మేతకు పిలుస్తున్నాననుకుని. దానికి చెప్పినాను, నిన్ను కాదే అని.

బోనెక్కినాను. వకీలు అడగబోతుంటే మునసబు గారు చెయ్యి ఎత్తి, "నేను అడుగుతాను. అమ్మా, భయపడకు. పుల్లయ్య నీకేమవుతాడు?" అన్నాడు.

"నా కొడుకు" అన్నాను.

చేలో అలవాటు చేసుకున్న గొంతు. బయట ఉన్న బంట్రోతు లోపలికి తొంగి చూసినాడు. "వినిపించిందమ్మా" అన్నాడు మునసబు గారు. ఆయనకు వినిపించింది. నేను ఆపలేకపోయినాను. మళ్ళీ అన్నాను. మళ్ళీ అన్నాను. ఎవరూ నవ్వలేదు. వకీలు వచ్చి మెల్లగా "చాలమ్మా, రాసుకున్నారు" అని దించబోయినాడు.

దిగే ముందర ఒకటి అడిగినాను. "అయ్యా, ఆ కాగితంలో ఇద్దరి పేర్లూ రాయొచ్చా?" అని. "ఎందుకమ్మా, ఆమే కాదందిగా" అన్నాడు. "ఆమె చేతుల్లో పోయినాడు. ఆమె ఇంట్లో తిన్నాడు" అన్నాను. నిండు కోర్టులో అనేసినాను. కాటమరాజు తల దించుకున్నాడు. మునసబు గారు కలం కింద పెట్టి, "వారసత్వానికి తల్లి ఒక్కరే ఉంటారమ్మా. నేను చేసిన చట్టం కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. కష్టంగానే అన్నాడు.

సర్టిఫికెట్టు మొన్న వచ్చింది. నా పేరు ఒక్కటే ఉంది. కాటమరాజు దాన్ని పట్టుకుని దొనకొండకు వస్తాడు. పెట్టె తీసుకుని ముందు నీ ఇంటి దగ్గర దించమని చెప్పినాను. గొణిగినాడు, కాని దించుతాడు. నువ్వే మూత తీయి. నీకు కావలసినవి తీసుకో. మిగిలింది పంపు. ఏం మిగల్చకపోయినా అడగను.

ఇక్కడ నేను ఒక్కదాన్నే లిద్దీ. నిన్న పక్కింటి రంగమ్మ వచ్చి, మాటల్లో "నీ కొడుకుంటే ఈ గోడ ఇట్ల వానకు కూలనిస్తాడా" అనింది. ఇన్నాళ్ళూ లీదియా కొడుకు అనేది ఆమె కూడా. కోర్టు మాట ఊరంతా తెలిసింది కదా, ఇప్పుడు అందరూ నీ కొడుకు అనే అంటున్నారు. గబుక్కున చుట్టూ చూసినాను, ఎవరన్నా విన్నారేమోనని. ఎవరూ లేరు. ఇంక ఎవరు విన్నా ఏమీ కాదు. ఆ మాట కోసం ఇన్నేళ్ళు మొహం వాచినాను. దొరికినాక దాన్ని పెట్టుకునే చోటు లేదు.

సంవత్సరీకానికి నువ్వు రావాలి. వాకిట్లోకి కాదు, లోపలికి. పంచాయితీ పెడితే పెట్టనీ, మునసబు కోర్టునే చూసి వచ్చినాను, ఊరి పంచాయితీకి భయపడతానా. కాగితంలో చోటు లేదన్నారు గాని, మా ఇంట్లో ఉంది.

చెంచమ్మ

ముద్ద దిగడం లేదని రాసినావు. దిగకపోయినా పళ్ళెం ముందర కూర్చో. సంగటి మెత్తగా చేసుకుని మజ్జిగ పోసుకో. పెద్ద గిన్నెలోనే వండుకో, ఏం కాదు. వేళకు కడుపు నిండా తిను.